నలుపు తెలుపుల్లో భయం: పేరు పెట్టని దాని ఆకర్షణ

చూసినవారిని నిద్రపోనివ్వని సినిమాను, పైగా రంగులు కూడా లేని సినిమాను, తెలిసి తెలిసి ఎవరైనా ఎందుకు చూస్తారు? భయానక చిత్రాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా విద్యార్థులు అడిగే ప్రశ్న ఇది. 2024 ఫిబ్రవరిలో మలయాళంలో విడుదలై, అదే నెలలో తెలుగు మాటలతోనూ వచ్చిన 'భ్రమయుగం' ఈ ప్రశ్నకు మళ్లీ ప్రాణం పోసింది. రంగుల సినిమా తప్ప మరొకటి ఎరగని తరం, మొదటి నుంచి చివరిదాకా నలుపు తెలుపుల్లో సాగిన ఆ చిత్రాన్ని ఆసక్తితో చూసింది. ఆ ఆసక్తికి మూలమేమిటో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

సూళగిరి, హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల్లో ఇంట తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడం కూడా వింటూ పెరిగిన విద్యార్థులను మనసులో పెట్టుకుని మేము ఈ మాటలు రాస్తున్నాం. సినిమా శాస్త్రం తెలిసినవారికే ఇటువంటి చిత్రాలు అర్థమవుతాయని మీలో కొందరు అనుకుంటారు. మా అభిప్రాయం వేరు. వీటిలోకి ప్రవేశించడానికి కావలసిన తాళంచెవి మీ ఇళ్లలోని ముసలివాళ్ల మాటల్లోనే ఉంది. ఆ మాటలు జారిపోకముందే వాటిని గుర్తించడం అవసరం.

రాత్రి చూపు

ముందుగా కంటి సంగతి చూద్దాం. మన కంటి వెనుక పొరలో వెలుతురును పట్టే కణాలు రెండు రకాలు. శంకువు ఆకారంలో ఉండేవి సుమారు 60 లక్షలు. రంగులను గుర్తించేవి ఇవే. అయితే వీటికి తగినంత వెలుతురు కావాలి. కడ్డీల ఆకారంలో ఉండేవి సుమారు 12 కోట్లు. మసక వెలుతురులో పనికి వచ్చేవి ఇవి. వీటికి రంగుల తేడా తెలియదు. ఎరుపు అయితే దాదాపు అందనే అందదు. చుక్కల వెలుతురులో ఎర్రచీర నల్లచీరగా కనిపించడానికి కారణం ఇదే. మరొక విశేషం కూడా ఉంది. కంటి నడిమధ్య, అంటే మనం దేన్నైనా తేరిపార చూసేటప్పుడు వాడే చోట, కడ్డీ కణాలు లేవు. అందువల్ల చీకట్లో ఒక మసక ఆకారాన్ని సూటిగా చూస్తే మాయమవుతుంది, కాస్త పక్కకు చూస్తే మళ్లీ కనిపిస్తుంది. చింతచెట్టు కింద ఏదో ఉందని, దగ్గరికి పోతే లేదని చెప్పేవారు అబద్ధం చెప్పడం లేదు. వారి కన్ను చేసిన పనిని వారు చెబుతున్నారు.

కాబట్టి నలుపు తెలుపుల చిత్రం రంగులు పోగొట్టుకున్న పగలు కాదు. అది రాత్రి చూపుకు దగ్గరగా వచ్చిన చిత్రం. పొద్దు గూకినాక సూళగిరి కొండను చూసినవారికి ఇది వేరే చెప్పనక్కర లేదు. పగలు రాళ్లూ పొదలూ విడివిడిగా కనిపించే కొండ, రాత్రి ఒకే నల్లటి ముద్దగా నిలబడుతుంది. అందులో ఏముందో పూరించే పని మన మనసుకు మిగులుతుంది.

మూకీ సినిమాల కాలంలో ఎక్కువగా వాడిన ఫిల్ముకు కూడా ఎరుపు అందేది కాదు. పెదవులు నల్లగా, ఆకాశం తెల్లగా పడేవి. ఆ లోపమే జర్మనీ దర్శకులకు ఒక విధంగా కలిసివచ్చింది. 1920 నాటి 'డాక్టర్ కాలిగరీ' చిత్రంలో నీడలను గోడల మీద, నేల మీద రంగుతో గీశారు. 1922లో మూర్నావ్ తీసిన 'నోస్ఫెరాటు'లో మెట్లెక్కే పిశాచం నీడ, పిశాచం కంటే ఎక్కువ భయపెడుతుంది. 1932లో డ్రేయర్ తీసిన 'వాంపైర్'లో కెమెరా ముందు పలచని వలగుడ్డ పెట్టి, దృశ్యాలను మంచు పట్టిన గాజులోంచి చూసినట్టు చేశారు. 1960లో హిచ్‌కాక్ 'సైకో'లో రక్తంగా పారినది చాక్లెట్ పాకం. రంగు లేనందువల్ల ఆ పాకం రక్తంగా చెల్లింది. ఎర్రదనాన్ని తెర చూపలేదు, చూసినవారే దానికి చేర్చుకున్నారు.

పేరు చెప్పని మాట

ఇప్పుడు భాష వైపు వద్దాం. రాత్రిపూట పామును పాము అనకూడదని, 'పురుగు' అనాలని మన పెద్దలు చెబుతారు. దీపం ఆరిపోయిందని అనరు, 'కొండెక్కింది' అంటారు. మశూచికి జబ్బు పేరు పెట్టకుండా 'అమ్మవారు' అన్నారు. దయ్యం పట్టిందని అనడానికి నోరు రాక 'గాలి సోకింది' అన్నారు. భాషాశాస్త్రంలో వీటిని నిషిద్ధ పదాలకు బదులు మాటలుగా వర్గీకరిస్తారు. పేరు పలికితే ఆ వస్తువు వస్తుందన్న నమ్మకం వీటి వెనుక ఉంది.

అయితే బదులు మాట భయాన్ని తగ్గిస్తుందా? ఆలోచించి చూడండి. 'పాము' అంటే ఒక ఆకారం, ఒక పొడవు మనసులోకి వస్తాయి. 'పురుగు' అన్నప్పుడు ఆకారం రాదు, హెచ్చరిక మాత్రం వస్తుంది. 'గాలి' అంటే అసలు కనిపించనిది, ఎక్కడైనా ఉండగలిగినది. పేరును దాచడం వల్ల భయం పోలేదు. అది పేరు నుంచి విడిపోయి చుట్టుపక్కల పరచుకుంది. నలుపు తెలుపుల భయానక చిత్రం చేసే పని సరిగ్గా ఇదే. తెర మీది నీడ, మాటలోని 'గాలి' వంటిది. చూపడానికి బదులు సూచిస్తుంది.

దీనికి మరొక చక్కని ఉదాహరణ గోడల మీద ఒకప్పుడు కనిపించిన రాత. 'ఓ స్త్రీ రేపు రా' అని తెలుగు పల్లెల్లో, 'నాళె బా' అని కన్నడ పల్లెల్లో తలుపుల మీద రాసేవారు. రాత్రి వచ్చి తలుపు తట్టే దయ్యం ఆ రాత చదివి, రేపు వద్దామని వెళ్లిపోతుందట. మరునాడు వచ్చి మళ్లీ అదే చదువుతుందట. ఇందులోని కిటుకంతా 'రేపు' అనే మాటలో ఉంది. నిన్న, నేడు, రేపు అనేవి పలికే క్షణాన్ని బట్టి మారే మాటలు. రేపు అన్నది ఏనాటికీ రాదు. వ్యాకరణం తెలిసిన దయ్యాన్ని వ్యాకరణంతోనే నిలిపివేశారు మన జనం. అయితే ఆ రాత ఉన్నంతకాలం ప్రతి రాత్రీ ఎవరో వచ్చి వెళ్తున్నట్టే లెక్క. భయాన్ని వాయిదా వేశారు తప్ప రద్దు చేయలేదు. ఉత్తమమైన భయానక చిత్రాల ముగింపులు కూడా ఇలాగే ఉంటాయి.

'దయ్యం' అన్న మాటనే చూడండి. ఇది సంస్కృతంలోని 'దైవం' నుంచి వచ్చిన తద్భవం. పాత కావ్యభాషలో దీనికి దేవుడు, విధి అన్న అర్థాలూ ఉన్నాయి. అదే మూలం నుంచి వచ్చిన తమిళపు 'తెయ్వం' ఈనాటికీ దేవుడే. అంటే సూళగిరి పిల్లవాడు బడిలో తెయ్వానికి మొక్కి, ఇంటికి వచ్చి దయ్యానికి భయపడతాడు. రెండూ ఒకే మాట. దేవుడికీ దయ్యానికీ మధ్య గీత ఎంత పలచనో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు. ఒకే భాష వినేవారికి ఈ సంగతి నిఘంటువులో దొరకాలి. మీకు వీధిలోనే దొరుకుతుంది.

భయమూ భయానకమూ

భయపెట్టేదాన్ని ఇష్టపడడం ఏమిటన్న ప్రశ్న మనవారికి కొత్తది కాదు. భరతుడు నాట్యశాస్త్రంలో ఎనిమిది రసాలను చెబుతూ భయానకాన్నీ బీభత్సాన్నీ వాటిలో చేర్చాడు. ఒక్కొక్క రసానికి ఒక రంగు చెప్పాడు. భయానకానికి చెప్పినది నలుపు, దాని అధిదేవత కాలుడు. భయానకాన్ని పుట్టించే కారణాల్లో వికృతమైన ధ్వనులు, పిశాచాది దర్శనం, నక్కల గుడ్లగూబల అరుపులు, అడవి, పాడుపడిన ఇల్లు ఉన్నాయి. రెండువేల ఏళ్ల నాటి ఈ జాబితాను చేత పట్టుకుని ఈనాటి ఏ భయానక చిత్రాన్ని చూసినా, సగానికి పైగా అంశాలు అందులో కనిపిస్తాయి.

భయం వేరు, భయానకం వేరు. మొదటిది లోకంలో కలిగే భావం, రెండవది కళలో ఆస్వాదించే రసం. ఒకటి మరొకటిగా ఎలా మారుతుందో చెప్పడానికి అభినవగుప్తుడు తీసుకున్న ఉదాహరణ శాకుంతలం మొదటి అంకంలోని లేడి. దుష్యంతుని రథం తరుముతుంటే మెడ తిప్పి వెనక్కు చూస్తూ పరుగెత్తే ఆ లేడి భయాన్ని చూసేటప్పుడు, ఆ భయం నాదీ కాదు, నా శత్రువుదీ కాదు, ఫలానా చోట ఫలానా నాడు జరిగినదీ కాదు. దేశకాలాల ముడి విడిపోయిన భయం అది. దీన్నే సాధారణీకరణం అన్నారు. నా ప్రాణానికి ముప్పు లేదు గనుక, పరుగెత్తకుండా నిలబడి భయం అంటే ఏమిటో చూడగలుగుతాను.

నలుపు తెలుపులు ఈ ముడి విప్పడానికి సాయపడతాయి. మనం పగలు బతికే లోకం రంగుల్లో ఉంది. తెర మీద రంగు లేకపోవడం, ఇది నీ వీధి కాదు అని మొదటి క్షణంలోనే చెబుతుంది. ఆ దూరం ఉన్నందువల్లనే, రంగుల్లో చూపితే కళ్లు మూసుకునే విషయాన్ని మనం కళ్లు తెరిచి చూస్తాం.

మన సినిమా, పొరుగు సినిమా

తెలుగులో నలుపు తెలుపుల కాలం తక్కువది కాదు. తొలి పూర్తి రంగుల తెలుగు చిత్రం 'లవకుశ' వచ్చినది 1963లో. అప్పటికే కె.వి. రెడ్డి దర్శకత్వంలో, మార్కస్ బార్ట్‌లే ఛాయాగ్రహణంతో 'పాతాళభైరవి' (1951), 'మాయాబజార్' (1957) వచ్చాయి. మొదటిదానిలో మాంత్రికుడు, బలి, భైరవి ఉన్నాయి. రెండవదానిలో రాక్షసులే ఉన్నారు. అయినా ఎవరూ రాత్రి ఉలిక్కిపడరు. భయానకాన్ని అద్భుతం వైపు, హాస్యం వైపు నడిపించడం మన ప్రధాన స్రవంతి పద్ధతి. ఎస్.వి. రంగారావు ఘటోత్కచుణ్ణి చూసి పిల్లలు నవ్వుతారు.

1966లో వచ్చిన 'ఆమె ఎవరు?' మరొక దారి. ఇది 1964 నాటి హిందీ చిత్రం 'వో కౌన్ థీ?' ఆధారంగా తీసినది. అదే ఏడాది తమిళంలో 'యార్ నీ?' వచ్చింది. రెండింటిలోనూ జయలలిత కథానాయిక. తెల్లచీర, పాట, అంతుపట్టని స్త్రీ చివరిదాకా వెంటాడినా, ముగింపులో ఇది మనుషుల పన్నాగమని తేలిపోతుంది. ప్రేక్షకుడు నెమ్మదిగా ఇంటికి పోతాడు.

పొరుగు భాషల్లో మరికొంత ముందుకు వెళ్లినవారున్నారు. 1961లో సత్యజిత్ రాయ్ 'తీన్ కన్యా'లోని 'మణిహారా'కు టాగూరు కథ ఆధారం. నగల మీద తప్ప మరి దేని మీదా మనసు లేని భార్య, ఆమె కోసం ఎదురుచూసే భర్త. చివర నగ మీదికి చాచిన ఎముకల చేయి ఒక్క క్షణం కనిపిస్తుంది. ఆ ఒక్క క్షణం కోసం రాయ్ గంటసేపు నిశ్శబ్దాన్ని కూడబెట్టాడు.

1964లో మలయాళంలో వచ్చిన 'భార్గవీ నిలయం' మనకు ఇంకా దగ్గరిది. దాని దర్శకుడు ఎ. విన్సెంట్. మన 'అన్నమయ్య' (1997) ఛాయాగ్రాహకుడు ఆయనే. కథ, రచన వైకం ముహమ్మద్ బషీర్‌వి. ఆ కథ పేరు 'నీలవెలిచ్చం', అంటే నీలి వెలుగు. నీలి వెలుగు కథను నీలం లేని ఫిల్ము మీద తీశారు. 2023లో అదే కథ రంగుల్లో మళ్లీ వచ్చింది. రెండూ పక్కపక్కన చూస్తే, నీలాన్ని చూపడానికీ మనం ఊహించుకోవడానికీ మధ్య తేడా తెలుస్తుంది. కథలో ఒక రచయిత దయ్యం ఉందనే ఇంట్లో అద్దెకు దిగుతాడు. కనిపించని భార్గవితో పలకరింపుగా మాట్లాడతాడు. కథ సాగేకొద్దీ భయపెట్టవలసినది చనిపోయిన పిల్ల కాదని, ఆమెను చంపిన బతికున్న మనిషి అని తెలుస్తుంది.

గుబులు మిగిల్చే ముగింపు

ఇక్కడ మన తెలుగు మాటలే విమర్శకు పనికివస్తాయి. భయానికి మనకు ఒక్క మాట లేదు. ఉలికిపాటు, బెదురు, జడుపు, జంకు, వెరపు, గుబులు ఉన్నాయి. ఇవి పర్యాయపదాలు కావు. ఉలికిపాటు ఒక క్షణంలో వచ్చి పోతుంది. జడుపు ఒంటికి పట్టి జ్వరం తెస్తుంది. గుబులు కారణం చెప్పకుండా కడుపులో కూర్చుంటుంది. తలుపు ధన్‌మని కొట్టుకునే బజారు సినిమా ఉలికిపాటును అమ్ముతుంది. కళాత్మక భయానక చిత్రం గుబులును ఇస్తుంది. మొదటిది టికెట్టుతో పాటే అయిపోతుంది. రెండవది ఇంటికి వెంట వస్తుంది.

జపాన్ దర్శకుడు షిండో 1964లో తీసిన 'ఒనిబాబా'లో యుద్ధకాలపు ఆకలి, మనిషెత్తు గడ్డి, ఒక గొయ్యి ఉన్నాయి. దారి తప్పిన సైనికులను అత్తాకోడళ్లు చంపి, గోతిలో పడేసి, ఆయుధాలను తిండిగింజలకు అమ్ముతారు. కోడలిని భయపెట్టడానికి అత్త తగిలించుకున్న రాక్షసి ముసుగు ఆమె ముఖానికే అంటుకుపోతుంది. దయ్యం ఎక్కడి నుంచీ రాలేదు, ఆకలి దాన్ని తయారుచేసింది. 1977లో అమెరికాలో డేవిడ్ లించ్ తీసిన 'ఇరేజర్‌హెడ్'లో దయ్యమే లేదు. ఫ్యాక్టరీల హోరు, ఇరుకు గది, తండ్రి కావడానికి భయపడే ఒక పనివాడు, ఆగని బిడ్డ ఏడుపు ఉన్నాయి. హోసూరు సిప్‌కాట్‌లో రాత్రి షిఫ్టు చేసి వచ్చే అన్న ఎవరింట్లోనైనా ఉంటే, ఆ హోరు ఏమిటో అతనికి వ్యాఖ్యానం లేకుండానే తెలుస్తుంది.

'భ్రమయుగం' కూడా ఈ కోవలోనిదే. పదిహేడవ శతాబ్దపు మలబారులో పారిపోయి వచ్చిన పాణ కులపు గాయకుడు ఒక పాడుబడిన పెద్దింటికి చేరతాడు. ఇంటి యజమాని తిండి పెడతాడు, ఆదరిస్తాడు, పాచికలాటకు పిలుస్తాడు. ఆ ఆటలో గాయకుడు ఓడిపోయేది తన కాలాన్ని, అంటే స్వేచ్ఛను. దర్శకుడు రాహుల్ సదాశివన్ చూపిన చాత్తన్ ఒక దేహం వదిలి మరో దేహం పడతాడు. అధికారం కూడా అంతేనని వేరే చెప్పకుండానే తెలుస్తుంది. మాంత్రికుడు వచ్చి నిమ్మకాయ కోసి అంతా సర్దేసే ముగింపు ఇందులో లేదు. అందుకే ఇటువంటి చిత్రాలు కలవరపెడతాయి. దయ్యం ఉందా లేదా అని అడగడం మాని, దయ్యాన్ని ఎవరు తయారుచేశారని అడిగిస్తాయి.

వీధిలోని భయం

ఈ ప్రశ్న తెరకు మాత్రమే చెందినది కాదు. చేతబడి చేసిందనో, బాణామతి చేశాడనో నెపం వేసి మనుషులను కొట్టిన, చంపిన ఘటనలు తెలుగు నేల మీద జరిగాయి. బలైనవారిలో దిక్కులేని ముసలివారు, వితంతువులు, పేదలు ఉన్నారు. కళలోని భయం ఎవరిదీ కాదు. వీధిలోని భయానికి మాత్రం వెంటనే ఒక పేరు, ఒక ఇంటి గుర్తు కావాలి. ఎవరో ఒకరి తల్లి ఆ పేరుకు దొరుకుతుంది. భయాన్ని నిలబడి చూడడం నేర్చుకున్నవాడు దాన్ని పక్కింటి గడప మీద దించడానికి తొందరపడడు. భార్గవి కథ, గోతి పక్కని అత్త కథ మనకు నేర్పగలిగినది ఇది. ఇవి మూఢనమ్మకాలను పెంచుతాయన్న ఆక్షేపణ ఒకటి ఉంది. చవకబారు చిత్రాల విషయంలో అది న్యాయమే. మేము చెబుతున్న చిత్రాలు నమ్మకాన్ని అడగవు, చూపును అడుగుతాయి.

అలాగని అందరూ వీటిని చూసి తీరాలని కాదు. 'ఒనిబాబా', 'ఇరేజర్‌హెడ్' చిన్నపిల్లలకు తగినవి కావు. మొదలుపెట్టేవారికి 'మణిహారా', 'భార్గవీ నిలయం' మంచి దారి. చూసేటప్పుడు రెండు విషయాలు గమనించండి: దర్శకుడు ఏది చూపకుండా వదిలాడు, చివరికి ఎవరి భయం ఎవరి మీద పడింది.

దానితో పాటు మరొక పని కూడా చేయమని కోరుతున్నాం. మీ ఇంట్లో అవ్వతాతలు రాత్రిపూట ఏ మాటను పలకరు, దానికి బదులు ఏమంటారు, ఏ భయాన్ని జడుపంటారు, దేన్ని గుబులంటారు, ఏ చెట్టుకు ఏ పేరు పెట్టారు అని అడిగి రాసి ఉంచండి. అది తమిళం కలిసిన తెలుగనీ, కన్నడం కలిసిన తెలుగనీ సంకోచపడవద్దు. పరీక్షలో ఆ మాటలు రాయనివ్వకపోవచ్చు. బడిలో తెలుగు తరగతులు తగ్గుతున్న చోట, కొత్త తరానికి భయం కూడా పాఠ్యపుస్తకపు ఒక్క మాటగా మిగిలిపోయే ప్రమాదం ఉంది. భయాలను విడదీసి చెప్పలేనివాడు వాటన్నిటికీ ఒకే విధంగా లొంగుతాడు. జడుపుకూ గుబులుకూ తేడా తెలిసినవాడు చీకట్లో కాస్త ఎక్కువసేపు నిలబడగలడు.